వరదలో బతికించుకున్న చేపలు, ఆ తర్వాత వచ్చి చేరిన చేపలు

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె అడిగినట్టే పేరు, వీధి, ఇంట్లోవాళ్ల గుర్తులు తీసేసి సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 34 ఏళ్లు, భర్తకు 39. తొమ్మిదేళ్ల పాప ఉంది. అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటారు. కింద షాపు, పైన మొదటి అంతస్తులో కాపురం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మీద పడినప్పుడు షాపులో సరుకంతా మునిగిపోయింది. అప్పటికి పైన హాల్లో మూడడుగుల అక్వేరియం ఒకటి ఉండేది. అందులో జానెడు సిల్వర్ అరోవానా, రెండు చిన్న ఆస్కార్లు. కరెంటు లేక గాలి మోటారు ఆగిపోయింది. భర్త స్టూలు వేసుకుని కూర్చుని, మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోస్తూ రాత్రులు గడిపారు. ఆమె, అత్తగారు వంతులు వేసుకుని ఆయనకు కాసేపు కునుకు తీసే వీలు కల్పించారు. మూడు చేపలూ బతికాయి. "షాపు పోయిందని ఆయన ఏడవలేదండీ. కరెంటు వచ్చి మోటారు తిరిగిన రోజు ఆ అరోవానా ముందు కూర్చుని ఏడ్చారు" అని రాశారు.

ఆ తర్వాత చేపలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వేలెడంత ఉన్నప్పుడు తెచ్చిన రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ ఇప్పుడు అడుగున్నర దాటింది. 'మొసలి చేప' అని అమ్మిన ఎలిగేటర్ గార్ ఒకటి, షాపువాళ్లు 'షార్క్' అనే చేపలు మూడు, ఒక పాకు, ఇంకో రెండు ఆస్కార్లు. అరోవానా రెండడుగులకు దగ్గరపడింది. ఇవన్నీ 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్యాంకులో ఉన్నాయి.

జనవరిలో ఒక రాత్రి రెడ్‌టెయిల్ ఒక ఆస్కార్‌ని మింగింది. వరదలో బతికిన రెండింటిలో అది ఒకటి. పాప దానికి లడ్డూ అని పేరు పెట్టుకుంది. పొద్దున్నే లేచిన పాపకు రెడ్‌టెయిల్ నోట్లోంచి బయటికి ఉన్న తోక కనిపించింది. అప్పటినుంచి హాల్లోకి రాదు. "ఆ చేపని కొట్టండి" అంటుంది. అత్తగారేమో "ఇంటికి రావాల్సిన కీడు చేప తీసుకుపోయింది, మంచిదే" అన్నారు. భర్త ఏమీ అనలేదు, కొలతల టేపు తీసుకుని హాలు కొలిచారు. 10×3×3 అడుగుల ట్యాంకు కట్టిస్తారట. అందుకు పాప చదువు కోసం కడుతున్న చీటీ పాడతారట. పోయిన నెల రాత్రి కరెంటు పోయి వచ్చిన క్షణంలో అరోవానా ఎగిరి నేల మీద పడితే, ఆయన ఊళ్లో లేరు, ఈమే తడి తువ్వాలుతో పట్టి నీళ్లలో వేశారు. ఆదివారాలు ఆయన స్నేహితులు వచ్చి బతికున్న గోల్డ్‌ఫిష్‌లను వేసి వీడియోలు తీస్తారు. హాలంతా నీచు వాసన. ఆమె తమ్ముడు "రాత్రిపూట ఏలూరు కాలవలో వదిలేద్దాం అక్కా, పీడా పోతుంది" అంటున్నాడు.

చివర్లో ఇలా రాశారు: "మొదట్లో నాకు ఆ చేపలంటే అసహ్యం. ఇప్పుడు నేను వంటింట్లోంచి వస్తే అరోవానా అద్దం వెంట నాతోపాటే నడుస్తుంది. వద్దు అనలేను, ఉండనివ్వనూ లేను. వీటిని తీసేయమంటే ఆయన్ని మళ్లీ ఆ వరదలో కూర్చోబెట్టినట్టు అవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు ఒక సంగతి తట్టింది. మీరూ, మీవారూ, మీ తమ్ముడూ, అందరూ 'చేపలు' అని ఒకే మాటగా అంటున్నారు. ఉంచితే అన్నీ ఉంచాలి, తీసేస్తే అన్నీ తీసేయాలి అన్నట్టు. కానీ ఆ ట్యాంకులో పది చేపలున్నాయి. మీవారి ప్రాణం ముడిపడింది మాత్రం మూడింటితో. మగ్గుతో నీళ్లు పోసి కాపాడుకున్నవి ఆ మూడే. వాటిలో ఒకదాన్ని ఆయనే ప్రేమగా తెచ్చిన ఇంకో చేప మింగేసింది. ఆ పొద్దున ఆయన ఏమీ మాట్లాడకుండా టేపు తీసుకుని హాలు కొలిచారని రాశారు కదా, నాకైతే అది పట్టనట్టుండటంలా అనిపించలేదు. తట్టుకోలేక చేతికి పని కల్పించుకున్నారేమో అనిపించింది. అందుకే ముందు ఒక్కో చేప సంగతీ విడివిడిగా చూద్దాం. అప్పుడు మీ ఇద్దరి మధ్య మాట సులువవుతుంది.

ముందు రెడ్‌టెయిల్. ఇది అమెజాన్ నదుల చేప. నదిలో నాలుగడుగులు దాటుతుంది, 40 కిలోలు దాటినవి కూడా దొరికాయి. షాపులో రెండు మూడు అంగుళాలున్నప్పుడు మీసాలతో, ఎర్ర తోకతో ముద్దొస్తుంది. అది ఎంతవుతుందో అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. పగలంతా అడుగున కదలకుండా పడుకుని రాత్రి తిరుగుతుంది. దాని తలలో సగం నోరే. నోట్లో పట్టేది ఏదైనా దానికి తిండే. ఇన్నాళ్లు కలిసే ఉన్నాయి కదా, ఇప్పుడెందుకు మింగింది అని మీరు అడిగారు. ఇన్నాళ్లు ఆ ఆస్కార్ దాని నోటికి పట్టలేదు, అంతే. పెద్ద వేట చేపలు కలిసి ఉంటున్నాయంటే వాటి మధ్య స్నేహం కుదిరిందని కాదు. ఒకదాని నోరు, ఇంకొకదాని ఒళ్లు ఏ కొలతలో ఉన్నాయన్నదే అక్కడ లెక్క. రెడ్‌టెయిల్ నెలనెలా పెరుగుతోంది, ఇరుకు వల్ల ఆస్కార్లు పెరగడం లేదు. అరచేతంత ఉన్నాయని రాశారు. ఏడాదిన్నర వయసున్న ఆస్కార్ మామూలుగా అంతకంటే పెద్దగా ఉండాలి. మిగిలిన మూడూ ఇప్పుడు అదే వరసలో ఉన్నాయి. ఒక రాత్రి జరిగింది మళ్లీ జరుగుతుంది. ఈ మాట మీకు చెప్పడం కష్టంగానే ఉంది.

'చేప ట్యాంకుని బట్టి పెరుగుతుంది, చిన్న ట్యాంకులో చిన్నగానే ఉంటుంది' అని మీవారితో ఎవరో అన్నారట. నేనూ ఒకప్పుడు నమ్మాను. గుంటూరు బ్రాడీపేటలో ఉన్నప్పుడు నాలుగడుగుల ట్యాంకులో రెడ్‌టెయిల్‌ని పెంచాను. అది ఆగలేదు. తిరగడానికి చోటు లేక ముక్కు అద్దానికి రాసుకుని పుండు పడింది. ఒళ్లు ఒక పక్కకి వంగిపోయింది. ఇంకొకరికి ఇచ్చేసరికి ఆలస్యమైంది, అక్కడికి వెళ్లాక ఎక్కువ కాలం బతకలేదు. దాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పెరుగుదల తగ్గినట్టు కనిపించే చేప ఆరోగ్యంగా సర్దుకున్న చేప కాదు. చెడ్డ నీళ్లలో, ఇరుకులో, లోపల దెబ్బతింటున్న చేప.

ఎలిగేటర్ గార్ ఉత్తర అమెరికా చేప. ఎనిమిదడుగులు కూడా పెరగగలదు, 50 ఏళ్లు దాటి బతకగలదు. మీ పాపకంటే ఎక్కువ కాలం మీ ఇంట్లో ఉండాల్సిన చేప అది. మీవారికి ఈ ఒక్క మాట చెప్పి చూడండి, ఆలోచిస్తారు. ఇది ఈత తిత్తితో గాలి కూడా పీల్చుకుంటుంది. అంటే ట్యాంకులో ఆక్సిజన్ పడిపోయి చాలా చేపలు చచ్చిపోయినా ఇది బతికి ఉండగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

'షార్క్' అని మీకు అమ్మిన మూడూ షార్కులు కావు. మన కైకలూరు వైపు చెరువుల్లో పెంచి అమ్మే ఫంగస్ చేపే అది. దాని సొంత ఊరు ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది. నాలుగడుగుల దాకా పెరగగలదు, గుంపుగా తిరుగుతుంది, భయస్థురాలు. హాల్లో ఎవరైనా గబుక్కున లేస్తే అద్దానికి తలలు కొట్టుకుంటాయని రాశారు కదా, దాని స్వభావమే అంత. పాకు కూడా మనం ఎరిగిన చేపే. ఎర్ర పొట్ట పాకునే మన చేపల మార్కెట్లో రూప్‌చంద్ అంటాం. అది కూడా రెండడుగులకు తక్కువ కాదు.

ఇక అరోవానా. మూడడుగుల దాకా వస్తుంది. ఆస్కార్ ఒక అడుగు. ఈ రెండు రకాలూ, చాలినంత చోటుంటే, ఒక ఇంట్లో పదేళ్లు హాయిగా బతకగలవు. మీవారు బతికించుకున్న చేపలు కూడా సరిగ్గా ఇవే.

నీళ్ల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మీ ఇంట్లో నీచు వాసనకు, నీళ్లలో తెల్లటి మబ్బుకు, మీ టెన్షన్‌కు అన్నిటికీ మూలం అక్కడే ఉంది. మీ ట్యాంకు నిండా నింపితే సుమారు 565 లీటర్లు. చేప తిన్న మాంసంలోని నత్రజనిలో చాలా భాగం అమ్మోనియాగా మారి మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. ఫిల్టరులో పెరిగే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషమే. పది పెద్ద చేపలకు ఆ ఫిల్టరు చాలదు. దానికి తోడు వాసన వచ్చినప్పుడల్లా సగం పైన నీళ్లు తీసేసి, కుళాయి నీళ్లు నేరుగా పట్టి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండుతున్నారు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పలను కాలుస్తుంది, ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. శుభ్రం చేసిన మర్నాడే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయని మీరు ఆశ్చర్యపోయారు. కారణం ఇదే అయి ఉండాలి.

ఏ నిర్ణయం తీసుకున్నా, తీసుకోకపోయినా ఈ వారం నుంచే కొన్ని పనులు మొదలుపెట్టవచ్చు. వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి, ఒక్కసారిగా అంతా వద్దు. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ మందు కలపండి. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి. అమ్మోనియా, నైట్రైట్ చూసే చుక్కల కిట్టు అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. రెండూ సున్నా చూపించాలి. చూపించకపోతే తిండి తగ్గించండి. ఇంత పెద్ద రెడ్‌టెయిల్‌కి వారానికి ఒకటి రెండుసార్లు పెడితే చాలు, అరోవానాకు రోజు విడిచి రోజు. మీరు రోజూ రొయ్యలు ఒలిచి పెడుతున్నారు. ఆ చాకిరీ సగం తగ్గుతుంది, నీళ్లూ బాగుపడతాయి.

బతికున్న గోల్డ్‌ఫిష్‌లు వేయడం పూర్తిగా మానేయమనే అంటాను. మిగతా విషయాల్లో రెండు వైపులా ఆలోచించమంటున్నాను, ఇందులో మాత్రం నాకు రెండో వైపు కనిపించడం లేదు. గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అవే తిండిగా సాగితే పెద్ద చేపలకు బి1 విటమిన్ లోపం వస్తుంది. చవక గోల్డ్‌ఫిష్‌లతో పాటు చేప పేను, యాంకర్ పురుగు ట్యాంకులోకి వస్తాయి. చికెన్ ముక్కల కొవ్వు కూడా చేపలకు సరిగా అరగదు, కాలేయం పాడవుతుంది. పెద్ద చేపల గుళికలకు మెల్లగా అలవాటు చేయండి. రెండు మూడు రోజులు పస్తుంటే అవి చావవు, దిగివస్తాయి. వీటన్నిటికంటే ముఖ్యం, ఆ ఆదివారం ఆటను పక్క గదిలోంచి పాప వింటోంది. లడ్డూకి జరిగిందాన్ని పెద్దవాళ్లు వారం వారం చప్పట్లు కొట్టి చూస్తున్నారని ఆ పిల్లకు అనిపించదా?

ఇప్పుడు పదడుగుల ట్యాంకు. మీవారు ఆలోచించిన దాంట్లో న్యాయం ఉంది. చేపలకు చోటు చాలడం లేదని ఆయనకు అర్థమైంది. కానీ 10×3×3 అంటే సుమారు 2,550 లీటర్లు, అంటే నీళ్లే రెండున్నర టన్నులు. అంత లోతుకు వాడే మందపాటి అద్దం, ఇనుప స్టాండు కలిపితే మూడు టన్నులు దాటుతుంది. ఇళ్లలో గదుల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు లెక్కన డిజైన్ చేస్తారు. ఈ ట్యాంకు కింద చదరపు మీటరుకు వెయ్యి కిలోలు పైనే పడుతుంది. పైగా మీ ఇంటి పునాది, కింది గోడలు రోజుల తరబడి వరద నీళ్లలో నానాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి, బీములు ఎక్కడున్నాయో చూసి, రాసి ఇవ్వకుండా ఇది పెట్టకూడదు. ఈ మాట మీరు చెబితే వద్దనడానికి సాకులా వినిపించవచ్చు. ఇంజనీరు నోటితోనే వినిపించండి.

పోనీ కింద షాపు వెనక గదిలో కడదామా అంటే, ఆ గది గోడ మీద వరద నీటి చార ఇంకా ఉండే ఉంటుంది. దాన్ని చూడండి. ఆ ఎత్తుకు మళ్లీ నీళ్లు వస్తే ట్యాంకులో చేపలు ట్యాంకులో ఉండవు. బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేరులో. గాలి పీల్చి బతకగలిగే మొసలి చేప కొల్లేరు చేరితే ఏమవుతుందో ఊహించలేనిదేమీ కాదు. ఇక మేడ మీద కడితే విజయవాడ మే నెల ఎండకు నీళ్లు కాగిపోతాయి.

ఇంకో సంగతి. స్లాబు ఒప్పుకుని, చీటీ డబ్బు పోసి ఆ ట్యాంకు కట్టినా, రెడ్‌టెయిల్‌కి, గార్‌కి అది రెండు మూడేళ్ల చోటే. మూడడుగుల వెడల్పులో నాలుగడుగుల చేప తిరగలేదు. డబ్బు ఖర్చయ్యాక ఇదే ప్రశ్న ఇంకా పెద్ద చేపలతో మళ్లీ మీ ముందుకు వస్తుంది.

మీ తమ్ముడి మాట గురించి గట్టిగా చెప్పాలి. మీ మీద ప్రేమతోనే అన్నాడు, తప్పు పట్టడం లేదు. కానీ ఏ ఒక్క చేపనూ ఏలూరు కాలవలో గానీ, కృష్ణలో గానీ, ఏ చెరువులో గానీ వదలవద్దు. 2023 మేలో శ్రీనగర్ దాల్ సరస్సులో నాచు తీస్తున్నవాళ్లకు ఎలిగేటర్ గార్ దొరికింది. అమెరికా చేప అక్కడికి ఈదుకుంటూ రాలేదు. మన జాలర్లు 'దెయ్యం చేప' అని తిట్టుకుంటారే, ముళ్లతో వలలు చింపేస్తుందే, అది ఒకప్పుడు అక్వేరియం అద్దాలు శుభ్రం చేయడానికి ఇళ్లకు తెచ్చుకున్న సక్కర్ చేపే. రాత్రి కాలవలో వదిలిన చేప మీ ఇంట్లోంచి పోతుంది, కొల్లేటి చుట్టుపక్కల వల వేసి బతికేవాళ్ల వాకిట్లో తేలుతుంది.

మరైతే ఏం చేయాలి? నాకు కనిపించే దారులు చెబుతాను. ఎంచుకోవాల్సింది మీ ఇద్దరూ.

ఉన్నవి ఉన్నట్టే ఉంచి, నీళ్లూ తిండీ సరిచేసి కొన్నాళ్లు చూడవచ్చు. డబ్బు ఖర్చు తక్కువ, ఇంట్లో గొడవ ఉండదు. కానీ మిగిలిన ఆస్కార్లు ఒక్కొక్కటే పోయే అవకాశం ఎక్కువ. రాబోయేది వేసవి. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన పట్టే ఆక్సిజన్, 35 డిగ్రీల దగ్గర 7కి దిగుతుంది. చెరువుల వాళ్లు తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయిందని పరుగులు పెడతారు చూడండి, ఆ పరిస్థితే మీ హాల్లో వస్తుంది. ఒక రాత్రి రెండు గంటలు కరెంటు పోతే ముందు పోయేది అరోవానా కావచ్చు. మీవారు అది తట్టుకుంటారా అన్నది మీకే తెలియాలి.

రెండో దారి, చేపల్ని విడదీయడం. రెడ్‌టెయిల్, గార్, మూడు ఫంగస్‌లు, పాకు వెళ్లిపోతాయి. అరోవానా, మూడు ఆస్కార్లు ఉంటాయి. నా మనసు దీని వైపే ఉంది. ఫంగస్‌లను, పాకును ఆ చేపలే పెంచే చెరువు రైతు ఎవరైనా తీసుకోవచ్చు. అక్వేరియం మందులు వాడి ఉంటే తినడానికి అమ్మవద్దని ముందే చెప్పండి. గార్, రెడ్‌టెయిల్‌లకు చోటు దొరకడమే కష్టం. పెద్ద అక్వేరియాల దగ్గర ఇలా పెరిగిపోయిన రెడ్‌టెయిల్‌లు ముందే ఉంటాయి, చాలాచోట్ల వద్దంటారు. అయినా అడగాలి. వేల లీటర్ల లోపలి తొట్లు కట్టుకుని పెద్ద చేపలే పెంచేవాళ్లు హైదరాబాదులో, చెన్నైలో ఉన్నారు. ఇచ్చేముందు ఆ తొట్టిని కళ్లతో చూసి ఇవ్వండి. కొన్న షాపుకే తిరిగి ఇస్తే సులువే, కాకపోతే అక్కడినుంచి అది ఇంకో ఐదడుగుల ట్యాంకుకే పోతుంది. పోరంకి వైపు సిఫా (కేంద్ర మంచినీటి చేపల పెంపక పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది, జిల్లా మత్స్యశాఖ కార్యాలయం ఉంది, వెళ్లి అడగండి. ఎక్కడా చోటు దొరక్క చేప బాధపడుతుంటే, గన్నవరం పశువైద్య కళాశాలలో మాట్లాడి నొప్పి లేకుండా దాని ప్రాణం పోయేలా చేయడం కూడా ఒక దారే. వినడానికి కఠినంగా ఉంటుంది. కాలవలో వదిలేయడం కంటే అది దయగల పని అని నేను నమ్ముతాను.

ఈ దారిలో ఒక నిజం దాచకూడదు. మిగతావి వెళ్లిపోయినా ఐదడుగుల ట్యాంకు అరోవానాకు శాశ్వతం కాదు. ఇప్పటికే తిరిగేటప్పుడు ఒళ్లు విల్లులా వంచుతోందని మీరే రాశారు. ఏడాదిలోగా ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న ట్యాంకు కావాలి. ఎత్తు రెండడుగులు చాలు, అరోవానా నీటి పైభాగంలోనే తిరిగే చేప. అది కూడా 1,350 లీటర్లు దాటుతుంది కాబట్టి ఇంజనీరు మాట తప్పదు. ఖర్చు పదడుగుల దానికంటే బాగా తగ్గుతుంది, చీటీ ఎత్తకుండా కొన్నాళ్లు కూడబెట్టుకునే సమయమూ దొరుకుతుంది. ఇంజనీరు కాదంటే అరోవానాను కూడా పెద్ద చోటుకు పంపి, ఆస్కార్లతో మిగలాల్సి రావచ్చు. ఆ రోజు రావచ్చని మీవారికి ఇప్పుడే తెలిస్తే మంచిది.

మూడోది, అన్నీ ఇచ్చేసి ట్యాంకు తీసేయడం. హాలు ఖాళీ అవుతుంది, పాప తిరిగి వస్తుంది. కానీ మీరు భయపడింది సరిగ్గా ఇక్కడే, ఆ భయాన్ని నేను కాదనను. సరుకు పోయినప్పుడు ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ చేపల విషయంలో మాత్రం ఏదో చేయగలిగారు. అన్నీ ఒక్కరోజులో పోతే ఆ ఒక్క ఆధారమూ పోయినట్టు అనిపించవచ్చు. ఆయనకు ఇష్టం లేకుండా ఈ పని మాత్రం చేయవద్దు. మీవారు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని, వాన శబ్దానికి లేచి కిందికి వెళ్లి చూసి వస్తారని మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. దాన్ని అలా వదిలేయకండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. చేపల సంగతి ఏమైనా, ఇది చేయదగ్గ పని.

పాపకు మాత్రం నిజమే చెప్పండి. "రెడ్‌టెయిల్ చెడ్డది కాదు నాన్నా, దానికి ఆకలేస్తే ఎదురుగా ఉన్నది తింటుంది. దాన్ని, లడ్డూని ఒకే ట్యాంకులో పెట్టింది మేము. అది మా తప్పు" అని. వీలైతే ఈ మాట వాళ్ల నాన్నే చెప్పాలి. పిల్లలు పెద్దవాళ్ల తప్పును క్షమించగలరు. ఎవరూ ఏమీ మాట్లాడకపోతేనే వాళ్లకు భయం. అత్తగారి నమ్మకంతో వాదన పెట్టుకోకండి. వరద రోజుల్లో ఆవిడా మగ్గు పట్టుకున్నారు, ఆ చేప పోయిన బాధను ఆవిడ తనకు తెలిసిన మాటల్లో సర్దుకున్నారు. కీడు పోయిందని అనుకున్నా, నీళ్లు పరీక్ష చేయడం ఆగకపోతే చాలు.

మీవారితో మాట 'తీసేద్దాం' దగ్గర మొదలుపెట్టకండి. ఒక రాత్రి పాప పడుకున్నాక ఆ మగ్గు సంగతి ఎత్తండి. మీరు ముగ్గురూ వంతులు వేసుకున్న ఆ రాత్రుల గురించి ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకున్నారా? ఉత్తరంలో ఆ ఊసు లేదు. ఆ తర్వాత, "మనం బతికించిన వాటిలో రెండు మిగిలాయి, ఈ రెండింటినీ కాపాడుకోవాలంటే ఏం చేద్దాం?" అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆయనే రెడ్‌టెయిల్ దగ్గరికి వస్తారని నా ఆశ. రాకపోతే మళ్లీ రాయండి, ఇంకో వైపు నుంచి ఆలోచిద్దాం.

ఈలోగా ట్యాంకు మీద బరువైన మూత పెట్టించండి, చిన్న సందు కూడా లేకుండా. అరోవానా తన పొడవంత ఎత్తు ఎగరగలదు. చీకట్లో ఉన్నట్టుండి లైటు వెలిగితే బెదురుతుంది, కాబట్టి ట్యాంకు లైటును కరెంటు రాగానే దానంతట అదే వెలగకుండా పెట్టుకోండి. బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి ఏప్రిల్ రాకముందే కొని, ఎలా పెట్టాలో అత్తగారికి కూడా ఒకసారి చూపించండి.